పాత ఫోన్ అమ్మకంలో దగా.. ఇంటిల్లిపాదికీ దిగులు

● మైనరుకు జైలు ఉండకపోవచ్చు.. సొమ్ము మాత్రం కక్కక తప్పదు
● తండ్రి ఖాతాకు డబ్బు వస్తే అదీ స్తంభించే ప్రమాదం

నల్లమాడ: ఇంటర్మీడియట్ చదివే ఓ కుర్రాడి వద్ద పాత సెల్‌ఫోన్ ఉంది. తెర మెరుస్తున్నా లోపలి బోర్డు చెడిపోయింది. అరగంట మాట్లాడితే చాలు ఆగిపోతుంది. ఆ సంగతి దాచి, ‘కొత్తదానిలా పనిచేస్తోంది’ అంటూ నాలుగు ఫొటోలతో ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టాడు. గుంటూరు నుంచి ఒకరు బేరమాడి 8,000 రూపాయలు యూపీఐ ద్వారా పంపారు. కుర్రాడికి సొంత బ్యాంకు ఖాతా లేకపోవడంతో ఆ సొమ్ము తండ్రి ఖాతాలో జమయింది. పార్శిల్ అందుకున్న వ్యక్తి ఫోన్ చేస్తే కుర్రాడు ఎత్తలేదు. నంబరు మార్చేశాడు. పది రోజుల తరువాత తండ్రి ఎరువుల కోసం డబ్బు తీసుకుందామని బ్యాంకుకు వెళితే ఖాతా నిలిచిపోయిందన్నారు.

ఇది విషయం అర్థమయ్యేందుకు చెప్పుకున్న ఉదాహరణ మాత్రమే. అయితే ఇందులోని ప్రతి మలుపూ చట్టప్రకారం జరగడానికి అవకాశం ఉన్నదే. వాననూ, వేరుశనగనూ నమ్ముకొని బతికే ఈ మెట్ట ప్రాంతంలో చాలా కుటుంబాలకు ఆధారం ఒకటే ఖాతా. పంట బీమా, ఏటా మూడు విడతల్లో వచ్చే 6,000 రూపాయల పీఎం కిసాన్ సాయం, ఉపాధి కూలి, బుడ్డలు అమ్మిన సొమ్ము అన్నీ అందులోనే పడతాయి. పిల్లవాడు ఆడిన అబద్ధం విలువ 8,000 రూపాయలే కావచ్చు. దాని వల్ల నిలిచిపోయేది ఇంటి ఖర్చు మొత్తం. అందుకే ఇలాంటి వ్యవహారంలో చట్టం ఏమంటుందో తల్లిదండ్రులూ, విద్యార్థులూ ముందుగా తెలుసుకోవడం అవసరం.

ఏది బేరం? ఏది మోసం?

అమ్మిన వస్తువు తరువాత చెడిపోయినంత మాత్రాన అది నేరం కాదు. మాట ఇచ్చినప్పుడే మోసగించే ఉద్దేశం ఉండాలని సుప్రీంకోర్టు 2000లో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో స్పష్టం చేసింది. ఫోన్ బాగుందని నిజంగా నమ్మి అమ్మితే అది సివిల్ తగాదా. చెడిపోయిందని తెలిసీ బాగుందని చెప్పి డబ్బు తీసుకుంటే వంచన. లేని వస్తువుకు అడ్వాన్సు తీసుకోవడం, ఇతరుల బండి ఫొటో పెట్టి తనదని చెప్పడం, దొంగ ఫోన్‌ను సొంతదిగా అమ్మడం వంటివన్నీ ఈ రెండో కోవలోకే వస్తాయి.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 318(4) సెక్షన్ ప్రకారం మోసపుచ్చి సొమ్ము రాబట్టిన వారికి ఏడేళ్ల వరకు జైలు, జరిమానా విధించవచ్చు. పాత శిక్షాస్మృతిలో ‘420’గా జనం నోట నానినది ఇదే. మరొకరి పేరుతో, మరొకరిలా నటించి మోసగిస్తే 319వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. అదే పని ఫోన్, కంప్యూటర్ సాయంతో చేస్తే ఐటీ చట్టంలోని 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అదనం. ఇతరుల పాస్‌వర్డును, గుర్తింపు వివరాలను దురుద్దేశంతో వాడుకుంటే 66సి వర్తిస్తుంది. తండ్రి ఫోన్‌లోని పిన్ నంబరు వాడుకునే పిల్లలు ఈ సంగతి గమనించాలి.

18 నిండకపోతే..

నేరం జరిగిన నాటికి 18 ఏళ్లు నిండని వారికి 2015 నాటి బాలల న్యాయ చట్టం వర్తిస్తుంది. ఇది 2016 జనవరి 15 నుంచి అమల్లోకి వచ్చింది.  ఏడేళ్ల వరకు శిక్షకు అవకాశమున్న 318(4) నేరం ఈ చట్టంలోని ‘హేయమైన’ నేరాల కోవలో లేదు. కాబట్టి 16, 17 ఏళ్ల వారిని పెద్దలతో సమానంగా విచారించే ప్రశ్న ఇక్కడ తలెత్తదు.

బాలుడిని పోలీసు లాకప్‌లో గానీ, జైలులో గానీ ఉంచరాదు. అదుపులోకి తీసుకుంటే ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ఎదుట హాజరుపరచాలి. మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఈ బోర్డులో ఉంటారు. వారిలో ఒకరైనా మహిళ అయి ఉండాలి. కేంద్రం 2016లో ఇచ్చిన నమూనా నిబంధనల ప్రకారం, హేయమైన నేరమైతేనో, పెద్దలతో కలిసి చేసినదైతేనో తప్ప బాలలపై ఎఫ్ఐఆర్ నమోదు చేయరు. స్టేషన్ డైరీలో రాసి, కుటుంబ పరిస్థితులపై నివేదికతో బోర్డుకు పంపుతారు. అన్నయ్యో, ఊళ్లో పెద్ద స్నేహితుడో ఈ అమ్మకంలో చేయి కలిపి ఉంటే ఈ వెసులుబాటు పోయినట్లే.

తప్పు రుజువైతే బోర్డు బాలుడిని మందలించి ఇంటికి పంపవచ్చు. తల్లిదండ్రులకూ, బాలుడికీ కౌన్సెలింగ్ ఇప్పించవచ్చు. సమాజ సేవ చేయమనవచ్చు. సత్ప్రవర్తన పూచీకత్తుపై తల్లిదండ్రులకు అప్పగించవచ్చు. గరిష్ఠంగా మూడేళ్లు ప్రత్యేక గృహానికి పంపే అధికారమూ బోర్డుకు ఉంది. వీటితో పాటు జరిమానా చెల్లించాలని బాలుడినే కాక తల్లిదండ్రులను లేదా సంరక్షకుడిని కూడా ఆదేశించే వీలుంది. చాలామంది తల్లిదండ్రులకు తెలియని అంశమిదే.

ఇదే చట్టంలోని 24వ సెక్షన్ బాలుడి భవిష్యత్తుకు రక్షణ కల్పిస్తోంది. బాల్యంలో చేసిన తప్పు కారణంగా ఉద్యోగానికీ, చదువుకూ అనర్హత ఉండదు. అప్పీలు గడువు ముగిశాక సంబంధిత రికార్డులనూ తొలగిస్తారు. బాలుడి పేరు, ఊరు, బడి, ఫొటో బయటపెట్టడం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మోసపోయామన్న కోపంతో కుర్రాడి ఫొటోను వాట్సాప్ గ్రూపుల్లో తిప్పేవారు కొత్త చిక్కులు కొనితెచ్చుకోవద్దు.

పదో తరగతి మెమోలోని తేదీయే కీలకం

వయసుపై సందేహం వస్తే బోర్డు మొదట చూసేది బడి ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువీకరణ లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకుంటే పంచాయతీ, మున్సిపాలిటీల జనన ధ్రువపత్రం. అదీ లేకుంటేనే వైద్య పరీక్ష. పల్లెల్లో పిల్లలను ఒకటో తరగతిలో త్వరగా చేర్చాలన్న ఆత్రంతో వయసు ఏడాది ఎక్కువగా వేయించే అలవాటు ఒకప్పుడు ఉండేది. అలా రాయించిన తేదీ ప్రకారం 17 ఏళ్ల కుర్రాడు కాగితాల్లో 18 దాటినవాడవుతాడు. బోర్డు ముందు నిలవాల్సిన వాడు నేరుగా క్రిమినల్ కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది.

18 దాటితే లెక్క వేరు

పద్దెనిమిదో పుట్టినరోజు మరునాడు ఇదే పని చేస్తే అది పెద్దల నేరమే. 318(4) నేరానికి బెయిలు హక్కుగా రాదు. కోర్టు అనుమతించాలి. అయితే ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో అవసరం లేకుండా అరెస్టు చేయరాదని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో ఆదేశించింది. విచారణకు రమ్మని పోలీసులు ముందుగా నోటీసు ఇవ్వడం సాధారణం. నోటీసు అందుకున్నవారు తప్పించుకు తిరిగితే ఆ రక్షణ పోతుంది.

21 ఏళ్ల లోపు వారిని జైలుకు పంపే ముందు పరివీక్షణపై విడుదల చేయడం ఎందుకు కుదరదో కోర్టు కారణాలు రాయాలని 1958 నాటి ప్రొబేషన్ చట్టం చెబుతోంది. అలా విడుదల చేసేటప్పుడు నష్టపోయిన వారికి పరిహారం చెల్లించాలని ఆదేశించే అధికారమూ కోర్టుకు ఉంది.

శిక్ష పడకపోయినా కేసు నడిచినన్నాళ్లూ నష్టమే. క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించే అధికారం 1967 చట్టం కింద ఉంది. కోర్టు అనుమతి తెచ్చుకుంటే తప్ప గల్ఫ్ ప్రయాణం ముందుకు సాగదు. పోలీసు, సైనిక ఉద్యోగాల దరఖాస్తుల్లో కేసుల వివరాలు అడుగుతారు. దాచిపెడితే ఎంపిక రద్దు కావచ్చని సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో వివరించింది.

దేశంలో తొలి శిక్ష.. అమెరికాలో తొలి బాలుడు

ఇలాంటి వ్యవహారాల్లో కోర్టులు ఎలా వ్యవహరిస్తాయో తెలిపే పాత కేసులు రెండున్నాయి. 2002లో నోయిడాలోని కాల్‌సెంటర్‌లో పనిచేసే 24 ఏళ్ల యువకుడు ఓ అమెరికా మహిళ క్రెడిట్ కార్డు నంబరు సంపాదించి, సోనీ సంస్థ వెబ్‌సైటులో కలర్ టీవీ, కార్డ్‌లెస్ హెడ్‌ఫోన్ కొన్నాడు. కార్డుదారు ఆ కొనుగోలు తనది కాదనడంతో మోసం బయటపడింది. సరకు అందించినప్పుడు సంస్థ తీసిన ఫొటోలే సాక్ష్యమయ్యాయి. సీబీఐ దర్యాప్తు చేసిన ఈ కేసులో 2003లో కోర్టు అతడిని దోషిగా తేల్చింది. దేశంలో సైబర్ నేరానికి తొలి శిక్షగా దీన్ని చెబుతారు. చిన్న వయసు, తొలి తప్పు కావడంతో ఏడాది పరివీక్షణపై విడుదల చేశారు. జైలు తప్పింది గానీ దోషి అన్న ముద్ర తప్పలేదు.

రెండోది అమెరికాలోని న్యూజెర్సీకి చెందిన జొనాథన్ లెబెడ్ ఉదంతం. అతడికి అప్పుడు 15 ఏళ్లు. చవక షేర్లు కొని, అవి అమాంతం పెరుగుతాయంటూ ఇంటర్నెట్‌లో రకరకాల పేర్లతో సందేశాలు గుప్పించి, ధర పెరగగానే అమ్మేసేవాడు. అక్కడి సెక్యూరిటీల నియంత్రణ సంస్థ 2000 సెప్టెంబరులో అతడిపై చర్య తీసుకుంది. ఆ సంస్థ ఒక మైనరుపై చర్యకు దిగడం అదే ప్రథమం. 11 లావాదేవీల్లో వచ్చిన 2,72,826 డాలర్ల లాభాన్ని వడ్డీతో కలిపి 2,85,000 డాలర్లుగా కట్టించుకుంది. తప్పును ఒప్పుకోకుండా, కాదనకుండా రాజీపడ్డాడు. క్రిమినల్ కేసు పెట్టలేదు. అంటే, వయసు చూసి శిక్ష తగ్గినా సొమ్ము విషయంలో మినహాయింపు దక్కలేదు.

మైనరు ఒప్పందం చెల్లదు.. మరి డబ్బు?

మన చట్టంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం మైనరు ఒప్పందం చేసుకునేందుకు అర్హుడు కాడు. అలాంటి ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని ప్రీవీ కౌన్సిల్ 1903లో మొహరీ బీబీ కేసులో తీర్పు చెప్పింది. మైనరుకు అప్పిచ్చి ఆస్తి తాకట్టు పెట్టించుకున్న వడ్డీ వ్యాపారి ఆ కేసులో నష్టపోయాడు. ‘నేను మైనరును, నన్నేం చేయలేరు’ అనే మాటకు మూలం ఇదే.

అయితే అది సగం నిజమే. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని 33వ సెక్షన్ ప్రకారం, మైనరునంటూ ఒప్పందం నుంచి తప్పుకునే వ్యక్తి దాని వల్ల ఎంత లబ్ధి పొందాడో అంత మేరకు తిరిగి ఇవ్వాలని కోర్టు ఆదేశించవచ్చు. 8,000 రూపాయలు చేతిలో ఉన్నా, దాంతో కొన్న వస్తువు ఉన్నా వదులుకోవాల్సిందే.

తండ్రి సంగతేమిటి? కొడుకు చేసిన బేరానికి తండ్రి అన్న ఒక్క కారణంతో ఆయన బాధ్యుడు కాడు. తానే అమ్మమని పంపినా, తన తరఫున అమ్మినా బాధ్యత వస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. వంచనతో వచ్చిన సొత్తును కూడా భారతీయ న్యాయ సంహితలోని 317వ సెక్షన్ దొంగ సొత్తుగా నిర్వచించింది. ఆ సంగతి తెలిసీ ఉంచుకుంటే మూడేళ్ల వరకు శిక్ష ఉంది. ‘వచ్చిన డబ్బు వచ్చింది, ఊరుకోరా’ అన్న తండ్రి అప్పటిదాకా లేని నేరాన్ని తన నెత్తిన వేసుకున్నట్లే.

ఖాతా ఎందుకు ఆగుతుంది?

మోసపోయినవారు 1930 నంబరుకు ఫోన్ చేసినా, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో నమోదు చేసినా ఆ సమాచారం వెంటనే బ్యాంకులకు చేరుతుంది. డబ్బు ఏ ఖాతాలో పడిందో అక్కడ ఆ మొత్తాన్ని కదలకుండా పట్టి ఉంచుతారు. కొన్ని సందర్భాల్లో ఖాతా మొత్తాన్నీ నిలిపివేస్తారు. ఆ ఖాతా నుంచి డబ్బు మరో ఖాతాకు పోయి ఉంటే అదీ ఆగవచ్చు. కొడుకు ఆ సొమ్ములోంచి స్నేహితుడికి పంపిన 500 రూపాయల కారణంగా ఆ ఇంటి ఖాతా కూడా చిక్కుకునే వీలుంది.

వివాదంలో ఉన్న మొత్తానికే ఆంక్ష పరిమితం కావాలని కేరళ హైకోర్టు 2023లో బ్యాంకులను ఆదేశించింది. ఖాతా మొత్తం ఆగినవారు బ్యాంకులో రాతపూర్వకంగా అడిగి, ఏ స్టేషన్ నుంచి, ఏ ఫిర్యాదుపై, ఎంత మొత్తానికి ఆదేశం వచ్చిందో తెలుసుకోవాలి. మిగిలిన సొమ్మును వదలాలని ఆ స్టేషన్ అధికారికి వినతి ఇవ్వాలి. ఫలితం లేకుంటే నాగరిక్ సురక్షా సంహితలోని 503వ సెక్షన్ కింద మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఫిర్యాదు గుంటూరులోనో, మరో రాష్ట్రంలోనో నమోదైతే అక్కడికి తిరగాల్సి ఉంటుంది. రానుపోను చార్జీలు, వకీలు ఫీజు, పోయిన కూలి దినాలు కలిపితే ఫోన్ ధరను దాటిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

తప్పు జరిగాక ఏం చేయాలి?

● ముందుగా సొమ్ము తిరిగి ఇవ్వాలి. ఎవరి ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే పంపి, రసీదు భద్రపరచాలి. మధ్యవర్తుల చేతికి నగదు ఇవ్వకూడదు.
● ప్రకటన, సందేశాలు చెరిపివేయరాదు. సాక్ష్యం మాయం చేయడం మరో నేరం. ఆ రికార్డులు సంస్థల వద్ద ఎలాగూ ఉంటాయి.
● ఫిర్యాదు నమోదై ఉంటే డబ్బు తిరిగి ఇచ్చినట్లు ఆధారాలతో అదే స్టేషన్‌కు తెలపాలి. కేసు కోర్టుకు చేరినా, మోసపోయిన వ్యక్తి అంగీకరిస్తే కోర్టు అనుమతితో రాజీపడేందుకు 318(4)లో వీలుంది.
● బాలలకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సాయం లభిస్తుంది. న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. కోర్టులున్న పట్టణాల్లో మండల న్యాయ సేవాధికార కమిటీలు ఉంటాయి.
● ‘కేసు మాఫీ చేయిస్తాం’ అంటూ ఫోన్ చేసి డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. అది మరో మోసం కావచ్చు.

కొనేవారికీ జాగ్రత్త అవసరం

వ్యాపారంగా కాక సొంత వాడకపు వస్తువును ఎప్పుడో ఒకసారి అమ్మే వ్యక్తికి 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు వర్తించవు. వినియోగదారుల కమిషన్‌లో ఊరట దొరుకుతుందన్న భరోసా పెట్టుకోలేం. కాబట్టి చేతికి అందకముందే పూర్తి డబ్బు పంపకపోవడమే మేలు. ఫోన్ కొనే ముందు దాని ఐఎంఈఐ నంబరును సంచార్ సాథీ పోర్టల్‌లో సరిచూసుకుంటే బ్లాక్ చేసిన ఫోనా కాదా తెలుస్తుంది. అమ్మేవారి వయసుపై అనుమానం వస్తే పెద్దవారితో మాట్లాడాలి. మోసపోతే జాప్యం లేకుండా 1930కు ఫోన్ చేయాలి. డబ్బు ఖాతా దాటక ముందే ఫిర్యాదు చేరితేనే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.

శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డాక నల్లమాడ మండలానికి జిల్లా పోలీసు కార్యాలయం పుట్టపర్తిలో ఉంది. స్థానిక స్టేషన్‌లోనూ ఫిర్యాదు ఇవ్వవచ్చు. నేరం ఏ పరిధిలో జరిగినా ఫిర్యాదు స్వీకరించి సంబంధిత స్టేషన్‌కు బదిలీ చేయాలని కొత్త చట్టం చెబుతోంది.

మళ్లీ ఆ మొదటి ఉదాహరణకే వస్తే, ‘బోర్డు పోయింది, విడిభాగాలకు పనికొస్తుంది’ అని ఉన్నదున్నట్లు రాసినా ఆ ఫోన్‌ను కొనేవారు ఉంటారు. వెయ్యో, పదిహేను వందలో వస్తుంది. ఆ సొమ్ము కోసం ఎవరూ స్టేషన్‌కు పిలవరు. తండ్రి ఖాతా జోలికి ఎవరూ రారు.